చెర్వుగట్టు మెట్లు, పది సెకన్ల దమ్ము, యల్లాప్రగడ సుబ్బారావు

ఈ రోజు ఎపిసోడ్ మా నార్కట్‌పల్లి పక్కనే ఉన్న చెర్వుగట్టు మెట్ల మీద మొదలవుతుంది. మొన్న తమ్ముడూ నేనూ గట్టుకు పోయినం. "అన్నా, ఉరుకుదామా? ఎవరు ముందో చూద్దాం" అన్నాడు. సరే అన్నాను. మొదటి పది సెకన్లు ఇద్దరం రాకెట్లమే. ఆ తర్వాత కాళ్ళు బరువెక్కినయ్, స్పీడ్ పడిపోయింది. సరిగ్గా ఆయాసం కూడా మొదలు కాలేదు. మరి ఆ పది సెకన్ల దమ్ము ఎక్కడి నుంచి వచ్చింది? అంతలోనే ఎటు పోయింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరికి సుమారు వందేళ్ళు. కనిపెట్టిన ఇద్దరిలో ఒకాయన మన తెలుగాయన, యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మీకు వాట్సాప్ ఫార్వర్డ్‌లో వచ్చే ఉంటుంది. అందులో సగం నిజం, సగం మసాలా. ఇవాళ మసాలా తీసేసి చూద్దాం. నిజమే ఎక్కువ రుచిగా ఉంటది.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, మనిషి రోజురోజుకూ చిక్కి రక్తం లేక పోతాడు. అదే జబ్బు ఆయనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్స చేసి బతికించారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ క్లాసుకు పోయారు. ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్.

1923 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు. మామగారు, కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన సాయం టికెట్టుకు, చదువుకు. మరి పూట గడవాలి కదా? ఆస్పత్రిలో రాత్రిపూట క్లీనింగ్ పని చేశారు. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరారు.

అప్పటికి కండరాల గురించి లోకం ఏమనుకుంటోంది? 1922 నోబెల్ బహుమతి ఇంగ్లండ్‌కు చెందిన ఏ.వి. హిల్‌కు, జర్మనీకి చెందిన ఓటో మేయర్‌హాఫ్‌కు వచ్చింది. ఆ రోజుల్లో నమ్మకం ఏంటంటే, కండరంలోని చక్కెర లాక్టిక్ యాసిడ్‌గా మారుతుంది, ఆ యాసిడే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. నోబెల్ వచ్చిన వాళ్ళ మాట. ఎవరు కాదంటారు?

ఫిస్క్, సుబ్బారావు ఆ పెద్ద ప్రశ్న జోలికే పోలేదు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలికైన పద్ధతి తయారు చేశారు. మందు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చైన ఆ పద్ధతిని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే అంటారు.

దాన్నే పిల్లి కండరం మీద వాడితే ఒక తిరకాసు. రంగు వెంటనే రావట్లేదు. మెల్లమెల్లగా చిక్కబడుతోంది. కోడ్ రాసేవాళ్ళకు ఇది తెలుసు. ఒక టెస్ట్ అప్పుడప్పుడూ ఫెయిల్ అయితే "మళ్ళీ రన్ చెయ్" అని వదిలేస్తాం. వాళ్ళు వదల్లేదు. ఏదో పదార్థం యాసిడ్‌లో విరిగి, తనలో ఉన్న ఫాస్ఫేట్‌ను నెమ్మదిగా వదులుతోందని పట్టుకున్నారు. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరానికి కరెంటు షాక్ ఇచ్చి పని చేయిస్తే అది తగ్గుతోంది, రెస్ట్ ఇస్తే మళ్ళీ పెరుగుతోంది. జిమ్‌కు పోయే దోస్తులు డబ్బాల్లో కొనే క్రియాటిన్ ఉంది చూశారూ, దాని కథ ఇదే.

1929లో అదే ల్యాబ్ నుంచి ఏటీపీ వచ్చింది. 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ అనే ఆయన, లాక్టిక్ యాసిడ్ తయారవకుండా విషం పెట్టిన కండరం కూడా కొంతసేపు ముడుచుకుంటుందని, ఆ కొద్దిసేపట్లో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని చూపించాడు. పాత సిద్ధాంతం కూలిపోయింది. ఆ మార్పును విప్లవం అని ఒప్పుకుంటూ 1932లో వ్యాసం రాసింది ఎవరో కాదు, నోబెల్ వచ్చిన ఆ హిల్లే.

ఇప్పుడు గట్టు మెట్ల దగ్గరికి వద్దాం. కండరంలో మయోసిన్, యాక్టిన్ అని రెండు రకాల దారాలు ఉంటాయి. మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. కండరం ముడుచుకోవడం అంటే ఇదే. పట్టు వదలాలన్నా ఏటీపీ కావాలి. అందుకే ప్రాణం పోయాక శరీరం కట్టెలా బిగుసుకుంటుంది.

కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ గట్టిగా ఉరికితే రెండు మూడు సెకన్లకే చాలుతుంది. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని మళ్ళీ నింపుతుంది, ఇంకో ఏడెనిమిది సెకన్లు. కరెంటు పోయినప్పుడు జెనరేటర్ అందుకునే దాకా యూపీఎస్ నడిపించినట్టు. తర్వాత చక్కెరను విరిచే జెనరేటర్, ఆ తర్వాత ఆక్సిజన్‌తో నడిచే అసలు కరెంటు. మా తమ్ముడు ఆగిపోయింది యూపీఎస్ అయిపోయిన చోట!

ఇందులో కంట్రోల్ కూడా ఉంది. ఏటీపీ నిండుగా ఉంటే చక్కెరను విరిచే ఒక ముఖ్యమైన ఎంజైమ్ నెమ్మదిస్తుంది. ఏటీపీ ఖర్చయి ఏఎంపీ పెరిగితే అదే ఎంజైమ్ జోరందుకుంటుంది. అంటే ఇంధనమే మీటర్ కూడా.

ఇక మసాలా సంగతి. "ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారు" అనేది తప్పు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. అతని పేపర్ కొన్ని వారాల ముందే అచ్చైంది కూడా. ఫిస్క్‌ను కూడా పక్కన పెట్టలేం. కానీ అన్యాయం జరగలేదా అంటే, జరిగింది. ఆ ల్యాబ్‌లోనే చదువుకుని తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాట చెప్పారు: సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ బయటికి రానివ్వలేదు, వాటిని వేరేవాళ్ళు ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చింది. హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం కూడా రాలేదు.

1940లో ఆయన లెడర్లీ ల్యాబ్స్‌కు వెళ్ళారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు ఇచ్చే మందుల్లో అదీ ఒకటి. బోదకాలు రాకుండా మన ఊళ్ళల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ గోళీలు కూడా ఆ ల్యాబ్ నుంచి వచ్చిన మందే. 1948లో, 53 ఏళ్ళకే చనిపోయారు. దేశానికి మళ్ళీ రాలేదు, భార్య శేషగిరిని మళ్ళీ చూడలేదు.

కాబట్టి ఫార్వర్డ్ చేసేటప్పుడు లోమన్ పేరు, ఫిస్క్ పేరు కూడా రాయండి. తన పేరు పక్కన పెడితే ఎట్లుంటదో తెలిసిన మనిషి ఆయన. ఇంకొకరి పేరు చెరిపేసి ఆయన్ని పెద్ద చేయాల్సిన పని లేదు. రాలేదనుకున్న రంగు కోసం కాసేపు ఆగి చూశారు, అది చాలు.

ఈసారి మెట్లెక్కేటప్పుడు పది సెకన్లు లెక్కపెట్టి కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.