ఉత్తరములతో కూర్చిన సంఘము

1906వ సంవత్సరపు శరత్కాలమున అమెరికా దేశమునందలి కనెక్టికట్ రాష్ట్రములో, రోగుల యిండ్లకు పోయి శుశ్రూష చేయుట వృత్తిగా జీవించుచుండిన మార్తా మినర్వా ఫ్రాంక్లిన్ అను నల్లజాతి నర్సు, తనవలెనే శిక్షణము పొంది ఆ మహాదేశమున నలుచెరగుల చెదరియున్న సజాతీయ నర్సులకు, వృత్తియందు వారి స్థితిగతు లెట్లున్నవో తెలుపుమని కోరుచు, స్వహస్తముతో ఉత్తరములు వ్రాయ నారంభించెను. తొలివిడత వ్రాసినవే 500లకు పైగా నుండెను. రెండేండ్లు గడచునప్పటికి, అందరము ఒకచోట కూడుకొందమా యని యడుగుచు మరి 1,500 లేఖలు పోయినవి. ఏ సంస్థయు వెనుక లేని ఒక సామాన్య వృత్తిజీవి చేసిన ఈ పనియే, రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యముచేత తన నిబంధనను మార్పించిన ఒక సంఘమునకు పునాది యయ్యెను. ఆ సంఘచరిత్రను చదివినకొలది నా మనస్సున దృఢపడిన భావ మొకటి కలదు: హక్కులకై జరిగిన పోరాటముకంటె ముందు అచ్చట పుట్టినది ఒకరి కష్టము నొకరు చెప్పుకొని ధైర్యము తెచ్చుకొను తోడు, ఆ తోడే లేకున్న ఆ పోరాటమును నిర్వహించు శక్తి వారికి చేకూరెడిది కాదు.

ఫ్రాంక్లిన్ స్వయముగా ఒంటరితన మెట్టిదో యెరిగిన మనిషి. ఫిలడెల్ఫియాలోని మహిళల ఆస్పత్రికి చెందిన నర్సుల పాఠశాలలో 1897లో ఉత్తీర్ణురాలైనపుడు ఆ తరగతిలో ఆమె తప్ప నల్లజాతి విద్యార్థిని మరియొకతె లేదు. పురుషుల ఆస్పత్రులలో తమకు ప్రవేశము లేకపోగా స్త్రీవైద్యులు తామే పూని నెలకొల్పుకొన్న ఆస్పత్రి అది. ఆ నగరమునందలి మహిళా వైద్యకళాశాలలోనే 1879లో పట్టము పొంది, 1883లో గుంటూరు చేరి, 1898లో అచ్చట స్త్రీలకు ఆస్పత్రి తెరిచిన అన్నా కుగ్లర్ దొరసాని పేరు మన తెలుగువారికి క్రొత్త కాదు. స్త్రీలకు మూసియున్న తలుపును తెరచిన ఆ ఫిలడెల్ఫియా వాతావరణముననే ఫ్రాంక్లిన్‌కు చదువు దొరకెను. కాని చదువు ముగిసినపిదప ఎదురైనది మరియొక తలుపు.

ఆ తలుపు ముందు ఆమెకు పూర్వమే నిలిచినది మేరీ ఎలైజా మహోనీ. బోస్టనులోని న్యూ ఇంగ్లండ్ స్త్రీశిశువుల ఆస్పత్రిలో వంటపనియు, చాకలిపనియు, ఊడ్చి తుడుచు పనియు చేసి, ముప్పది మూడేండ్ల వయస్సున ఆ ఆస్పత్రి పాఠశాలలోనే విద్యార్థినిగా చేరి, పదునారు నెలల కఠోరశిక్షణమును ముగించుకొని, 1879లో అమెరికాయందు శాస్త్రోక్తముగా శిక్షణము పొందిన తొలి నల్లజాతి నర్సుగా వెలువడెను. ఆనాడు శిక్షణము పొందిన నర్సులలో ఆస్పత్రుల యందు ఉద్యోగము పొందువారు తక్కువ; ఎక్కువమంది రోగి యింటనే రాత్రింబవళ్లు ఉండి, ఆ కుటుంబము ఇచ్చు వేతనముతో బ్రతుకువారు. అట్టి యింటిలో నల్లజాతి నర్సు అడుగు పెట్టగనే ఆమె విద్యను మరచి, పనికత్తెలలో నొకతెగా ఎంచి, అంట్లు బట్టలు కూడ ఆమె మీదనే పడవేయుట సామాన్యముగా జరుగుచుండెను. మహోనీ మాత్రము ఇంటి నౌకరులతో కలిసి భోజనము చేయక, వంటింటిలో ఒంటిగా కూర్చుండి తినెడిదని చెప్పుదురు. దానిని అహంకారమని తలపరాదు. తాను నేర్చిన విద్యకు ఇతరులు హద్దు గీయనిచోట తానే గీసికొన్న హద్దు అది; ఒక్కపూట భోజనమునందు సైతము వృత్తిగౌరవమును కాపాడుకొనవలసిన దుస్థితి యెట్టిదో దానివలన తెలియును.

తెల్లవారి పాఠశాలలలో పెక్కులు చేర్చుకొనకపోవుటచే నల్లజాతివారు తమకై పాఠశాలలను ఏర్పరచుకొనిరి. అట్లాంటాలోని స్పెల్మన్ విద్యాలయమున 1886లో నర్సుల తరగతి ఆరంభమయ్యెను. చికాగోలో ఎమ్మా రెనాల్డ్స్ అను యువతిని ఏ పాఠశాలయు చేర్చుకొనకపోగా, డేనియల్ హేల్ విలియమ్స్ అను శస్త్రవైద్యుడు పూనుకొని 1891లో ప్రావిడెంట్ ఆస్పత్రిని, దానితో నర్సుల పాఠశాలను నెలకొల్పెను. వాషింగ్టనులో ఫ్రీడ్‌మెన్స్ ఆస్పత్రి, న్యూయార్కులో లింకన్ ఆస్పత్రి ఆ శతాబ్దాంతమునకే ఈ మార్గమున నడచినవి. ఈ పాఠశాలలు లేనిచో నల్లజాతి నర్సు అనునదియే అరుదై యుండెడిది. అయినను వానిలో పెక్కింటికి ధనబలము లేక, విద్యార్థినుల చాకిరియే ఆస్పత్రికి ఆధారమై, వారిని బయటి యిండ్లకు పంపి ఆ సంపాదనను ఆస్పత్రి ఖజానాకు చేర్చుకొన్న సందర్భములును కలవు. తనవారి సంస్థయే యైనను పీడ లేదని చెప్పవలను పడదు.

చదువు పూర్తియైనవారి గతి యేమి? దక్షిణరాష్ట్రములలో తెల్లవారి ఆస్పత్రులు వారిని తీసికొనవు. ప్రజారోగ్యశాఖలో చేరినవారికి అదే పనికి తెల్లజాతి నర్సుకన్న తక్కువ జీతము. తెల్లజాతి నర్సును ‘మిస్’ అని మర్యాదగా సంబోధించు వైద్యుడే ఈమెను చిన్నపిల్లను పిలిచినట్లు పేరుపెట్టియో, లేక ఊరక ‘నర్స్’ అనియో పిలుచును. వీనికి తోడు అమెరికన్ నర్సుల సంఘము, సభ్యత్వము రాష్ట్రసంఘముల ద్వారమున మాత్రమే లభించునట్లు 1916లో నిర్మాణమును మార్చుకొనుటతో, దక్షిణరాష్ట్రసంఘములు నల్లజాతివారిని చేర్చుకొననందున, ఆ ప్రాంతపు నర్సునకు జాతీయసంఘము కూడ దూరమయ్యెను. ఎచ్చటనో ఒక పల్లెలో, చుట్టుప్రక్కల యాభై మైళ్ల మేర తన వృత్తివారెవరును లేక పనిచేయు నర్సు, తనకు జరిగిన అవమానము తన లోపము వలన వచ్చినదో, తన జాతి వలన వచ్చినదో తేల్చుకొనుట కైనను మరియొక నర్సు తోడు కావలెను గదా! ఫ్రాంక్లిన్ ఉత్తరముల యంతరార్థ మిదియే యని నేను నమ్ముదును.

న్యూయార్కులోని లింకన్ పాఠశాల పూర్వవిద్యార్థినుల సంఘమునకు అధ్యక్షురాలైన ఆడా బెల్ థామ్స్ ఆ లేఖను చూచి, అందరును తమ ఊరికే రావలసినదని ఆహ్వానించెను. 1908 ఆగస్టులో, సెయింట్ మార్క్స్ మెథడిస్టు దేవాలయమున, 52మంది నర్సులు సమావేశమై నల్లజాతి పట్టభద్ర నర్సుల జాతీయసంఘమును స్థాపించి, ఫ్రాంక్లిన్‌ను తొలి అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. రెండువేల లేఖలకు ఏబదిరెండుగురు వచ్చుట స్వల్పమని కొందరికి తోచవచ్చును. కాని దినవేతనముపై బ్రతుకుచు, రైలులో వేరుపెట్టెలో కూర్చుండి, దారిలో బస దొరకునో లేదో తెలియక బయలుదేరవలసిన స్త్రీలకు ఆ ప్రయాణమెంత సాహసమో ఆలోచింపవలెను. మరుసటి యేడు బోస్టనులో జరిగిన తొలి మహాసభలో స్వాగతోపన్యాసము నిచ్చినది మేరీ మహోనీయే. అరువదినాలుగేండ్ల ఆ పెద్దమ్మకు చందా లేని ఆజీవసభ్యత్వము నిచ్చి గౌరవించిరి. అంతకుముందు ముప్పదియేండ్లు తనకు పోలికయే లేనట్లు జీవించిన ఆమె, తన మార్గమున నడచివచ్చిన ఆడపడుచులను గదినిండ చూచుకొనుట ఆ సభకు సంబంధించిన వృత్తాంతములలో నాకు మిక్కిలి ప్రియమైనది.

థామ్స్ జీవితము వేరొక పాఠము. లింకన్ పాఠశాలను 1906 మొదలు 1923 వరకు నడపినది ఆమె. కాని పదునేడేండ్లును ‘తాత్కాలిక’ అధికారిణిగానే యుంచిరి గాని, నల్లజాతి స్త్రీ యగుటచే, ఆ పదవిని స్థిరపరచలేదు. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రవేశింపగనే ఆమె రెడ్ క్రాస్ సంస్థలో పేర్లు నమోదు చేసికొనుడని తోడి నర్సులను పురికొల్పి, ఆ సంస్థాధికారిణి జేన్ డెలానోతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ఫలితము మిగుల ఆలస్యముగా వచ్చినది: యుద్ధము ముగిసినపిదప, 1918 డిసెంబరులో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి చెలరేగుచున్న తరుణమున, పదునెనిమిది మంది నల్లజాతి నర్సులను క్యాంప్ గ్రాంట్, క్యాంప్ షెర్మన్ అను శిబిరములకు పిలిచిరి.

1920ల చివర సంఘము నీరసించినది. దానికి పునర్జీవము పోసినవారు ఇద్దరు: 1934లో అధ్యక్షురాలైన ఎస్టెల్ మాసీ రిడిల్, అదే యేడు కార్యనిర్వాహక కార్యదర్శిని యైన మేబెల్ కీటన్ స్టాపర్స్. రిడిల్, నర్సులలో మాస్టర్స్ పట్టము పొందిన తొలి నల్లజాతి స్త్రీ. స్టాపర్స్, వెస్టిండీసు దీవులలోని బార్బడోసున పుట్టి, బాల్యముననే న్యూయార్కునందలి హార్లెముకు వచ్చి, ఫ్రీడ్‌మెన్స్ పాఠశాలలో 1917లో ఉత్తీర్ణురాలైన స్త్రీ. ఆకారమున చిన్నది, మాటలో వడి గలది, పనిలో అలసట నెరుగనిది. ఈ యిరువురును రాష్ట్రరాష్ట్రము తిరిగి నర్సులతో కూర్చుండి వారి సంగతులు వినిరి. స్థానికశాఖలు లేనిచోట స్థాపించిరి. న్యూయార్కు రాక్‌ఫెలర్ సెంటరులో తక్కిన జాతీయ నర్సుల సంఘముల కార్యాలయముల ప్రక్కనే తమ కార్యాలయమును తెరచిరి. ఈ చివరి పని బయటికి చిన్నదిగా కనబడును. కాని ఒకే కట్టడమున, ఒకే మెట్లపై నిత్యము ఎదురుపడు వారిని లేనట్లు చూచుట కష్టము. 1936లో సంఘము మేరీ మహోనీ పేర ఒక పురస్కారమును నెలకొల్పి, తొలిసారి దానిని ఆడా థామ్స్‌కే సమర్పించెను.

రెండవ ప్రపంచయుద్ధ మారంభమగునప్పటికి సైన్యము వెనుకటి పద్ధతినే పట్టుకొనియుండెను. 1941 ఆరంభమున సైన్యము నల్లజాతి నర్సులను 56మందిని మాత్రమే చేర్చుకొందుననియు, వారు నల్లజాతి సైనికుల వార్డులలోనే పనిచేయవలెననియు ప్రకటించెను. నౌకాదళము ఒక్కరినైనను తీసికొననన్నది. కొందరు ఈ బిచ్చమును తిరస్కరింపవలెననిరి. స్టాపర్స్ దానిని పుచ్చుకొని, వాకిలి తెరువబడిన పిదప దానిని వెడల్పు చేయుదమని నిశ్చయించుకొనెను. ఆమె నిర్ణయమే సరియైనదని తరువాత జరిగిన కథ తేల్చినది. 1943లో శాసనసభ ఆమోదించిన బోల్టన్ చట్టమునందు జాతిభేదము పాటింపరాదను నిబంధన చేరుటచే వేలకొలది నల్లజాతి యువతులు ప్రభుత్వవ్యయముతో నర్సులుగా శిక్షణము పొందిరి. కాని శిక్షణము పొందినవారిలో సైన్యము తీసికొన్నది కొద్దిమందినే. తీసికొన్నవారిలో కొందరిని యుద్ధఖైదీలైన జర్మనులకు శుశ్రూష చేయ నియమించిరి. దేశమునకై గాయపడిన స్వదేశపు తెల్లసైనికుని తాకుటకు పనికిరాని చేయి శత్రుసైనికునకు పనికివచ్చినదన్న మాట! ఆ నర్సులు లేఖలలో చెప్పుకొన్న ఈ వేదననే స్టాపర్స్ 1944 నవంబరు 3వ తేదిని అధ్యక్షుని భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ ఎదుట ఉంచెను.

1945 జనవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, నర్సుల కొరత దుర్భరమైనదనియు, వారిని నిర్బంధముగా సైన్యమున చేర్చుటకు చట్టము కావలెననియు శాసనసభను కోరెను. ఆ దినములలోనే న్యూయార్కు నగరమున ఒక హోటలులో సైన్యపు సర్జన్ జనరల్ నార్మన్ కర్క్ ఈ కొరతను గూర్చియే ఉపన్యసించుచుండగా, సభలో కూర్చున్న స్టాపర్స్ లేచి, నర్సులు అంత అవసరమైనపుడు నల్లజాతి నర్సులను సైన్యమేల వాడుకొనుట లేదని సూటిగా ప్రశ్నించెను. ఆ ప్రశ్న పత్రికల కెక్కినది. దేశము నలుమూలలనుండి తంతులును, ఉత్తరములును ప్రభుత్వముపై కురిసినవి. ఆ జనవరి 20వ తేదిని సైన్యము, అయిదు దినములకు నౌకాదళము, ఇకపై జాతిభేదము లేక నర్సులను స్వీకరింతుమని ప్రకటించినవి. మార్చి 8న నౌకాదళమున ప్రమాణస్వీకారము చేసిన తొలి నల్లజాతి నర్సు ఫిలిస్ డేలీ. ఆమె ఆడా థామ్స్ కాచి పెంచిన లింకన్ పాఠశాలలో చదివినదే.

ఆపైన మూడేండ్లలో మరియొక విజయము వచ్చినది. 1948లో అమెరికన్ నర్సుల సంఘ ప్రతినిధులు, రాష్ట్రసంఘము తిరస్కరించిన నర్సు నేరుగా జాతీయసంఘమున చేరవచ్చునని తీర్మానించిరి. రిడిల్ (అప్పటికి పునర్వివాహముచే ఆస్‌బోర్న్) ఆ సంఘపు కార్యవర్గమునకే ఎన్నికయ్యెను. దక్షిణమున ఒకటి రెండు రాష్ట్రసంఘములు ఇంకను పదేండ్లకు పైగా మొండికెత్తినవి గాని, ప్రధానద్వారము తెరువబడినది. నల్లజాతి నర్సుల సంఘము తన లక్ష్యము నెరవేరినదని భావించి, 1951 జనవరిలో తననుతాను రద్దు చేసికొనెను. అదే యేడు స్టాపర్స్‌కు నల్లజాతివారి హక్కుల సంస్థ యగు ఎన్.ఎ.ఎ.సి.పి. యిచ్చు అత్యున్నత గౌరవమైన స్పింగార్న్ పతకము లభించెను.

ఆ నిర్ణయము త్యాగబుద్ధితో చేసినదే. తమకంటె పెద్ద సంఘమున కలిసిపోవుట కొరకు తమ యింటిని తామే మూసికొన్న దాతృత్వమది. అయినను అందు ఒక నష్టము కలదని చెప్పక తప్పదు. పెద్ద సంఘము సభ్యత్వము నిచ్చినది. కాని ఒంటరి వార్డులో పై అధికారిణి మాటచే మనస్సు నొచ్చిన నర్సు అర్ధరాత్రి ఉత్తరము వ్రాయదగిన చిరునామాను అది ఈయలేదు. చట్టము పనిని పంచును గాని సాంత్వనమును పంచదు. సంఘము నిర్వహించిన రెండు కార్యములలో, హక్కును సాధించుట ముగిసినదని నిర్ణయించినపుడు, తోడుగా నుండుట ముగియలేదని గ్రహించినవారు అప్పటికి తక్కువగా నుండిరి.

ఇరువదియేండ్లు తిరిగినవి. నల్లజాతి నర్సులు మరల కూడుకొని, లారేన్ సామ్స్ అధ్యక్షతను, 1971లో జాతీయ నల్లజాతి నర్సుల సంఘమును స్థాపించిరి. మహోనీ పేరి పురస్కారమును అమెరికన్ నర్సుల సంఘము నేటికిని ఇచ్చుచుండగనే, ఈ రెండవ సంఘమును ప్రత్యేకముగ పనిచేయుచున్నది.