చెక్క కింద ఏముంది?

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సిమెంటు షటిల్ కోర్టు మీద చెక్క ఫ్లోరింగ్ వేయించాలని మూడు నెలలుగా ఒకటే చర్చ. మూడు కొటేషన్లు వచ్చాయి. మూడింట్లోనూ పైన కనపడేది అదే మేపుల్ చెక్క, ధరలకి మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. "చెక్క ఒకటే అయినప్పుడు ఎక్కువెందుకు పెట్టాలయ్యా?" అన్నారు మా ట్రెజరర్ గారు. కమిటీలో నేనే కుర్రాణ్ణి కదా, "నువ్వు సాఫ్ట్‌వేరు కదా బాబూ, కాస్త చూసి చెప్పు" అని పని నాకు తగిలించారు.

చూస్తే తేడా అంతా చెక్క కింద ఉంది. స్క్రీను బాగుందని ప్రాజెక్టు ఓకే చేసేసి, వెనక సర్వరు సంగతి ఎవరూ అడగనట్టు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం బోస్టన్‌ది. 1946లో సెల్టిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది, పొడుగాటి మంచి చెక్క దొరకడం లేదు. దాంతో ఓక్ చెక్క తుంపుల్ని ఏరి, ఒకటి నిలువు ఒకటి అడ్డం పేర్చి, 5 అడుగుల చదరపు పలకలు చేశారు. మొత్తం 247 పలకలు, వాటిని కలిపి పట్టుకోడానికి 988 బోల్టులు. ముందు బోస్టన్ అరీనాలో వాడి, 1952లో బోస్టన్ గార్డెన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఐస్ హాకీ కూడా ఆడేవాళ్ళు. అంటే ఈ పలకలకి కింద ఉన్నది మంచు! హాకీ ఉన్నరోజు విప్పడం, బాస్కెట్‌బాల్ ఉన్నరోజు మళ్ళీ బిగించడం.

అలా పదే పదే విప్పి బిగిస్తే ఏమవుతుంది? కొన్నిచోట్ల బంతి చచ్చుబడినట్టు పైకి లేవదని బయటి జట్లు గోలపెట్టేవి. ఆ చోట్లన్నీ సెల్టిక్స్ వాళ్ళకి కంఠతా వచ్చని, ఎదుటివాణ్ణి కావాలనే అటు తోలేవాళ్ళని ఒక కథ. నిజమెంతో గానీ, 1957 నుంచి 1986 దాకా ఆ జట్టు 16 టైటిళ్ళు గెలిచేసరికి ఆ ఫ్లోరు గుడిలో విగ్రహమంత అయిపోయింది. 1995లో కొత్త భవనానికి మారినా దాన్ని వెంట తీసుకుపోయారు. 1999 చివర్లో గానీ పక్కన పెట్టలేదు.

నాకు ఈ కథంటే ఇష్టమే. కానీ ఇందులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: దానిమీద ఎగిరి దూకినవాడి మోకాలి సంగతేంటి? 1946లో దొరికిన చెక్కతో పని గడిస్తే అదే పదివేలు. ఆ ప్రశ్నని లెక్కల్లో పెట్టినవాళ్ళు జర్మన్లు. 20 కిలోల బరువుని 55 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ఒక గట్టి స్ప్రింగు మీదకి వదులుతారు. ముందు కాంక్రీటు మీద, తర్వాత ఫ్లోరు మీద. దెబ్బ ఎంత తగ్గిందో చూస్తారు. ఈ యంత్రం పేరు ఆర్టిఫిషియల్ అథ్లెట్. 2001 నాటి డిన్ 18032 రెండో భాగం ప్రకారం దెబ్బ కనీసం 53 శాతం తగ్గాలి, ఫ్లోరు కనీసం 2.3 మిల్లీమీటర్లు కిందకి దిగాలి, అయినా బంతి మాత్రం కాంక్రీటు మీద లేచే ఎత్తులో 90 శాతం లేవాలి. మనిషికి మెత్తగా, బంతికి గట్టిగా! 70 కిలోల మనిషి దూకితే కింది మెత్తలు నొక్కుకుంటాయి, 600 గ్రాముల బంతికి ఆ బరువు లేదు, అదీ కిటుకు. 2006లో వచ్చిన యూరోపు ప్రమాణం ఈఎన్ 14904 కాస్త ఉదారం, 25 నుంచి 75 శాతం దాకా ఒప్పుకుంటుంది.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఈ అంకెలేవీ మేపుల్‌వి కావు. చెక్క, ప్లైవుడ్, రబ్బరు మెత్తలు, అన్నీ కలిసిన మొత్తం అమరికవి.

ఇప్పుడు మా కొటేషన్లకి వద్దాం. మొదటిది చెక్కని నేరుగా కాంక్రీటుకి అంటించేది. చవక, కానీ కింద మెత్త లేదు. అంటే పాలిష్ పట్టిన సిమెంటే. రెండోది రబ్బరు మెత్తలు, వాటిపైన అడ్డంగా నిలువుగా రెండు ప్లైవుడ్ పొరలు, ఆ పైన చెక్క. మూడోది మెత్తల మీద బ్యాటెన్లు పెట్టి కాంక్రీటుకి బిగించేది, ఖరీదెక్కువ. నా ఓటు రెండోదానికి. షరతులు మూడు: మొత్తం అమరికకి టెస్టు రిపోర్టు చూపించాలి, తేమ రాకుండా కింద పాలిథిన్ షీటు పరచాలి, వానాకాలం చెక్క ఉబ్బుతుంది కాబట్టి గోడల వెంబడి ఖాళీ వదలాలి.

ట్రెజరర్ గారికి ఇంకో ఆశ ఉంది, హాలుని ఫంక్షన్లకి అద్దెకివ్వాలని. బిర్యానీ డేగిసాలు, స్టేజీ ఇనుప కాళ్ళు, అన్నీ ఆ చెక్క మీదేనట! ప్రకాశ్ పదుకొనే బెంగుళూరులో పెళ్ళిళ్ళ హాల్లో ప్రాక్టీసు చేసి 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అక్కడ పెళ్ళిళ్ళ హాలు కోర్టయింది, మేం కోర్టుని పెళ్ళిళ్ళ హాలు చేద్దామంటున్నాం.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇంజినీరింగ్ చదివేటప్పుడు నాలుగేళ్ళు సిమెంటు కోర్టు మీద స్మాషులు కొట్టాను. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళకే మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు కలుక్కుమంటుంది. మా బ్లాకులో పదేళ్ళ పిల్లలు పన్నెండు మంది రోజూ సాయంత్రం ఆడతారు. వాళ్ళకి మీటింగులో ఓటు లేదు. ఆదివారం వాళ్ళ తరఫున నేనే మాట్లాడతాను. గెలుస్తానో లేదో తెలీదు.

మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి కొటేషను వస్తే చెక్క పేరు తర్వాత, కింద ఏముందో ముందు అడగండి.