చిల్లర పుస్తకాల నుంచి చరిత్ర దాకా

1924లో గిల్బర్ట్ సెల్డెస్ అనే విమర్శకుడు చాప్లిన్ సినిమాలను, జాజ్‌ను, పత్రికల్లో వచ్చే బొమ్మల కథలను కళలుగా గుర్తించాలని ఒక పుస్తకమే రాశాడు. అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఆ మాట చెవిన పెట్టడానికి దశాబ్దాలు పట్టింది.

1940లలో నాజీల నుంచి తప్పించుకొని కాలిఫోర్నియాలో తలదాచుకున్న జర్మన్ తత్వవేత్తలు అడోర్నో, హోర్క్‌హైమర్‌లు సినిమా, రేడియోలు మనుషుల ఆలోచనను ఒకే మూసలో పోస్తున్నాయన్నారు. ఆ విమర్శలో బలముంది, ఈనాటికీ పక్కన పెట్టలేం. కానీ చూసేవాళ్లు, వినేవాళ్లు వాటిని ఎలా అర్థం చేసుకుంటున్నారో ఆ ఇద్దరూ అడగలేదు. ఆ ప్రశ్న పరిశోధకురాలు జానిస్ రాడ్వే అడిగింది. చవక ప్రేమ నవలలు చదివే గృహిణులతో నేరుగా మాట్లాడి, 1984లో తన అధ్యయనాన్ని ప్రచురించింది. రోజంతా ఇంటివాళ్ల కోసమే బతికే ఆ స్త్రీలకు చదువుకునే ఆ కాస్త సమయమే సొంతమని అందులో తేలింది. ఏ ప్రభుత్వ దస్తావేజులోనూ ఈ సంగతి దొరకదు.

అంతకుముందే, 1963లో, తర్వాత అమీరి బరాకాగా పేరు మార్చుకున్న రచయిత లీరాయ్ జోన్స్, బానిసత్వం నుంచి నల్లజాతి ప్రజలు నడిచివచ్చిన దారిని బ్లూస్ పాటల ఆధారంగానే చెప్పాడు. 1967లో ఆచార్యుడు రే బ్రౌన్ జనప్రియ సంస్కృతి అధ్యయనానికి ప్రత్యేక పత్రిక మొదలుపెట్టాడు. 1973లో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో దానికి ప్రత్యేక శాఖే ఏర్పడింది.

ఈ చదువు విలువకు వెర్థామ్ ఉదంతమే నాకు గట్టి సాక్ష్యం. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థామ్ 1954లో పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. బెదిరిన ప్రచురణకర్తలు తమ మీద తామే కఠిన నిబంధనావళి విధించుకున్నారు, చాలా కామిక్స్ పత్రికలు మూతపడ్డాయి. ఆయన కాగితాలను పరిశీలించిన పరిశోధకురాలు కరోల్ టిల్లీ, తన దగ్గరికి వచ్చిన పిల్లల మాటలను వెర్థామ్ మార్చి రాశాడని 2012లో బయటపెట్టింది. అరవై ఏళ్ల అపవాదుకు ఆధారం ఎంత బలహీనమో ఆ కాగితాలే చెప్పాయి. కామిక్స్‌ను చదవదగ్గ విషయంగా ఎంచకపోతే ఆ కాగితాల పెట్టెలు తెరిచే పనే ఉండేది కాదు.

చిన్నచూపు చూసినవాటికి ఎవరూ కాపలా కాయరు. అమెరికాలో తీసిన మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం ఇక దొరకవని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది.