చీకటి పదో ద్రవ్యమా? తర్కసంగ్రహం, ఫిల్మ్‌నగర్ తెర, విశ్వ పదార్థం

హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోస్‌లో కొన్నేళ్లుగా ఒక వర్చువల్ ప్రొడక్షన్ వేదిక పనిచేస్తోంది. భారీ ఎల్‌ఈడీ గోడ ముందు నటుడు నిలబడతాడు. ఎడారి, మహానగరం, అంతరిక్షం, ఏది అడిగితే అది గోడమీదికి వస్తుంది. అంతరిక్షం అడిగినప్పుడు మాత్రం ఒక చిక్కు ఉంది. నక్షత్రాలున్న చోట దీపాలు వెలగాలి, వాటి నడుమ ఆరిపోవాలి. అలా ఆరిన దీపాల మీద సెట్టు లైట్ల వెలుతురు చింది నలుపు కాస్తా బూడిదరంగుకు దిగుతుంది. దాన్ని తిరిగి నలుపు చేయడం తర్వాత రంగులు సరిదిద్దే డీఐ గదిలో కలరిస్టు పని. చీకటంటే ఏమీ లేకపోవడమే అయితే, ఏమీ లేనిదాన్ని తయారుచేయడానికి ఇంత పని ఎందుకు?

ఈ ప్రశ్నను తెలుగువాడొకడు శాస్త్ర స్థాయిలో వేసి, జవాబు కూడా చెప్పాడు. 17వ శతాబ్దం నాటివాడని సాధారణంగా చెప్పే అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో ప్రపంచంలో ఉన్నవాటిని ఏడు పదార్థాలుగా, వాటిలో మొదటిదైన ద్రవ్యాన్ని తొమ్మిదిగా లెక్కపెట్టాడు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు. దానికి తానే రాసుకున్న ‘దీపిక’ వ్యాఖ్యలో ఒక ఆక్షేపణను ఎదుర్కొన్నాడు. చీకటి నల్లగా కనబడుతోంది, కదులుతున్నట్టూ ఉంది. రంగు, కదలిక ఉన్నది ద్రవ్యమే కావాలి కదా, అలాంటప్పుడు పదో ద్రవ్యంగా తమస్సును ఎందుకు చేర్చవు? భాట్ట మీమాంసకుల పక్షం ఇదే. ఆ ఆక్షేపణనూ దాని సమాధానాన్నీ నేటి విశ్వశాస్త్రం ముందు పెట్టి చూడటం ఈ వ్యాసం పని. ప్రాచీనులకు అన్నీ ముందే తెలుసనే వాదనతో దీనికి సంబంధం లేదు. కొత్త ద్రవ్యాన్ని ఒప్పుకోవడానికి ఏ షరతులు పెట్టాలో తార్కికులు కఠినంగా ఆలోచించారు. ఆ షరతులు ఇప్పటికీ పనికొస్తాయన్నది మాత్రమే నా ప్రతిపాదన.

అన్నంభట్టు సమాధానం సూటిగా ఉంటుంది. రంగున్న ఏ ద్రవ్యాన్నయినా కంటితో చూడాలంటే వెలుతురు సాయం కావాలి. చీకటి మాత్రం వెలుతురు లేనప్పుడే కనబడుతుంది. కాబట్టి అది రంగున్న ద్రవ్యం కాదు, తేజస్సు లేకపోవడమే. నలుపనీ కదిలిందనీ అనిపించడం భ్రాంతి. ఇక్కడ ఆయన ఒక విశేషణం చేర్చాడు: లేకుండా పోవలసింది ‘ప్రౌఢ ప్రకాశక’ తేజస్సు. అంటే వస్తువును చూపించగలిగేంత బలమున్న వెలుతురు. మినుకుమినుకుమనే వెలుతురు మిగిలినా చీకటి చీకటే. డీఐ గదిలో కూర్చునే ఏ కలరిస్టుకైనా ఈ విశేషణం విలువ చెప్పనక్కర్లేదు. ప్రొజెక్టరు నలుపులో ఎప్పుడూ కొంత వెలుతురు కారుతూనే ఉంటుంది, ప్రేక్షకుడు దాన్ని నలుపుగానే స్వీకరిస్తాడు. ఫిల్ము రీళ్ల రోజుల్లో ఇంకో విచిత్రం కూడా ఉండేది. రెండు రెక్కల షట్టరు సెకనుకు 48 సార్లు వెలుతురును అడ్డుకునేది. రెండున్నర గంటల సినిమాలో గంటకు పైగా తెర చీకటిగానే ఉండేదన్నమాట. టిక్కెట్టు డబ్బులు వెనక్కివ్వమని ఎవరూ అడగలేదు.

తెలుగు సినిమా విశ్వాన్ని చూపినప్పుడల్లా వెలుగునే చూపింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ నుంచి 2018లో ‘అంతరిక్షం’, 2024లో ‘కల్కి 2898 ఏడీ’ దాకా కథలు మారాయి, సాంకేతికత మారింది. తెరకు తప్పని పరిమితి మాత్రం మారలేదు: వెలిగేది కనబడుతుంది, మిగతాది నేపథ్యం. ఈ అలవాటు సినిమావాళ్లది మాత్రమే అనుకోవడం అన్యాయం. ఖగోళశాస్త్రం కూడా చాలాకాలం అలాగే నడిచింది. ఫిల్మ్‌నగర్ ఉన్న జూబ్లీహిల్స్‌కు దగ్గర్లోనే, బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో తన వంతు ఆకాశాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించి 7 లక్షల 63 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ నగరం చేసిన గొప్ప శాస్త్రీయ శ్రమల్లో అదొకటి. ఇప్పటి లెక్కల్లో చూస్తే, నక్షత్రాలన్నీ కలిపినా విశ్వంలోని మొత్తం ద్రవ్యశక్తిలో ఒక శాతం కూడా కావు.

ఆ లెక్క సంగతి చెప్పాలి. ప్లాంక్ ఉపగ్రహం విశ్వపు తొలి వెలుగును కొలిచి ఇచ్చిన అంచనాలో అణువులతో ఏర్పడిన మామూలు పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) 27, కృష్ణ శక్తి (డార్క్ ఎనర్జీ) 68. మామూలు పదార్థంలోనూ అధిక భాగం నక్షత్రాల్లో లేదు, పలచని వాయువుగా పరుచుకుని ఉంది.

ముందు ఆ 5 శాతాన్నయినా అర్థం చేసుకుందాం. దానికి జూబ్లీహిల్స్ కన్నా మంచి చోటు లేదు. ఇక్కడి గుండ్లు, కేబీఆర్ పార్కులో మిగిలినవీ, బంగళాల గోడల్లో కలిసిపోయినవీ, సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. అందులో బరువు లెక్కన సగానికి దగ్గరగా ఆక్సిజన్, తర్వాత సిలికాన్. ఎల్‌ఈడీ గోడను నడిపించే చిప్పుల్లోనూ, కెమెరా సెన్సారులోనూ ఉన్నది ఈ సిలికానే. రాయిలో అణువులు, అణువుల్లో కేంద్రకాలు, వాటిలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, వాటిలో క్వార్కులు. ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం చెబుతుంది. అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 ఎంఈవీ. అందులోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశి కలిపితే పది లోపే, అంటే ఒక శాతం అటూఇటూ. మిగిలిన 99 శాతం క్వార్కుల కదలికలోనూ, వాటిని బిగించి ఉంచే గ్లూవాన్ క్షేత్రంలోనూ ఉన్న శక్తి. 2008లో కంప్యూటర్ల మీద చేసిన లెక్కలు సిద్ధాంతం నుంచే ప్రోటాన్ ద్రవ్యరాశిని దాదాపు సరిగ్గా రాబట్టాయి. 2012లో దొరికిన హిగ్స్ కణం ఈ రాళ్ల బరువంతటికీ కారణమని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. నిజానికి హిగ్స్ వాటా ఆ ఒక్క శాతమే. ప్రొక్లెయినరు వచ్చి కదిలించలేక వెనక్కి తిరిగిన గుండు బరువు ఏదో గట్టి పొడిది కాదు, శక్తి బరువు.

శ్రీపర్వతం మీద నివసించాడని చెప్పే నాగార్జునుడి అనుయాయులు ఈ మాటకు సంతోషిస్తారు. (ఫిల్మ్‌నగర్‌లో నాగార్జున అంటే వేరే మనిషి గుర్తుకొస్తాడు, నేను చెప్పేది మాధ్యమిక దార్శనికుడి గురించి.) దేనికీ సొంత స్వభావం లేదన్న ఆయన వాదానికి ఇది సాక్ష్యమనే తొందర నాకు లేదు. క్షేత్రాలకు గణితంలో స్పష్టమైన నియమాలున్నాయి, వాటి లెక్కలు కొలతలకు సరిపోతున్నాయి. సొంత స్వభావం లేకపోవడమంటే ఆయనకు ఇది కాదు.

తార్కికుల పెట్టెలో మనకు అసలు అవసరమైన పనిముట్టు వేరే ఉంది. దాని పేరు పరిశేషం. ఒక గుణం ఉందంటే దానికి ఆశ్రయం ఒకటి ఉండాలి. తెలిసిన ఆశ్రయాలన్నీ ఒక్కొక్కటే కొట్టివేయగా మిగిలినది కొత్త ద్రవ్యం. ఆకాశాన్ని తార్కికులు ఇలాగే సాధించారు: శబ్దం గుణం, అది మిగతా ఎనిమిది ద్రవ్యాల్లో ఉండటం కుదరదు, కాబట్టి తొమ్మిదోది ఉంది. కృష్ణ పదార్థం దగ్గర శాస్త్రవేత్తలు చేసింది ఇంచుమించు ఇదే. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ గుచ్ఛంలో గెలాక్సీల వేగాలు కొలిచి, కనబడే పదార్థపు ఆకర్షణ వాటిని పట్టి ఉంచడానికి చాలదన్నాడు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా అంచుల్లోని వాయుమేఘాలు అంచనాకు మించిన వేగంతో తిరుగుతున్నాయని చూపారు. ఆకర్షణ ఉంది, దాని ఆశ్రయం కనబడటం లేదు.

అన్నంభట్టు పట్టికలోని 24 గుణాల్లో గురుత్వం ఒకటి. అది భూమికీ నీటికీ మాత్రమే ఉంటుందని ఆయన నియమం. ఆ రెండింటికీ రూపం, అంటే రంగు, ఉంది. కృష్ణ పదార్థానికి గురుత్వం ఉంది. రూపం, రసం, గంధం, స్పర్శ ఏవీ ఇంతవరకూ దొరకలేదు. రూపం లేనంత మాత్రాన ద్రవ్యం కాకపోదని వాయువు విషయంలో తర్కశాస్త్రమే ఒప్పుకుంది. కాబట్టి తొమ్మిదింటిలో దేనిలోనూ ఇమడక, గుణం మాత్రం ఉన్న దాన్ని పదోదిగా చేర్చాల్సిందే. రాత్రి చీకటి ఓడిపోయిన చోట ఈ చీకటి గెలుస్తుంది. లేకపోవడం దేన్నీ లాగలేదు.

ఇక్కడ ఆగితే వ్యాసం చక్కగా ముగిసేది. కానీ పరిశేషానికి ఒక చేదు చరిత్ర ఉంది. ఆకాశం విషయంలో అది తప్పింది. శబ్దం గాలిలోనూ నీటిలోనూ రాయిలోనూ పుట్టే కంపనం. దానికి వేరే ద్రవ్యం అవసరం లేదు. కొట్టివేత సరిగ్గానే జరిగింది, శబ్దం గుణమన్న మొదటి వాక్యమే తప్పు. కృష్ణ పదార్థం దగ్గరా అదే ప్రమాదం ఉండొచ్చునని 1983లో మోర్దెహై మిల్‌గ్రోమ్ వాదించాడు: ఆశ్రయం కోసం వెతకడం మానండి, చాలా తక్కువ త్వరణాల దగ్గర చలన నియమమే మారుతుందేమో చూడండి. గెలాక్సీల భ్రమణం వరకు ఆ ప్రతిపాదన బాగానే నిలిచింది. అది తడబడింది వేరేచోట. 2006లో ప్రచురితమైన బుల్లెట్ క్లస్టర్ పరిశీలనలో రెండు గుచ్ఛాలు ఢీకొన్నాక వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోయింది. వెనుక గెలాక్సీల వెలుతురును వంచే ఆకర్షణ మాత్రం ఆ వాయువును దాటి ముందుకు పోయింది. మామూలు పదార్థంలో అధిక భాగం ఒకచోట, ఆకర్షణ ఇంకోచోట. నియమం మార్చినంత మాత్రాన ఇది తేలిగ్గా కుదరదు. ప్లాంక్ కొలతలకూ కృష్ణ పదార్థం లేకుండా లెక్క రావడం కష్టం. ఆకాశానికి ఆధారం ఒకే గుణం, ఒకే వాదన. కృష్ణ పదార్థానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్ష్యాలు మూడు నాలుగున్నాయి. తేడా అక్కడ ఉంది.

కృష్ణ పదార్థం ఇంకా చేతికి చిక్కలేదన్నది నిజం. అమెరికాలో పాత గనిలో, కిలోమీటరున్నర లోతున, టన్నులకొద్దీ ద్రవ జినాన్ నింపి చేస్తున్న ప్రయోగంలో ఇంతవరకూ దాని కణం కనబడలేదు. మన దేశంలో జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఇందుకోసం ప్రయోగశాల పెట్టారు. చిక్కనిదాన్ని గనుల్లో పట్టుకోవడం మనకు కొత్త కాదు. ఇప్పుడు సినిమా పేరుగానే ఎక్కువమందికి తెలిసిన కేజీఎఫ్, తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్న కోలారు బంగారు గని, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను ప్రపంచంలో తొలిసారి గుర్తించిన చోట్లలో ఒకటి. 1980లలో అక్కడే ప్రోటాన్ విచ్ఛిన్నమవుతుందేమోనని ఎదురుచూశారు. పరమాణువు నిత్యమని అన్నంభట్టు అన్నాడు. ప్రోటాన్ నిత్యమా అని ఆ గని అడిగింది. నమ్మదగిన సాక్ష్యం ఇప్పటిదాకా ఎక్కడా రాలేదు. గని 2001లో మూతపడింది.

మిగిలింది ఆ 68 శాతం. కృష్ణ శక్తికి ద్రవ్య స్థానం ఇవ్వడానికి నేను సిద్ధంగా లేను. 1998లో దూరపు సూపర్‌నోవాల పరిశీలన విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని తేల్చింది. దానికి ఇప్పటికీ అన్నిటికన్నా పొదుపైన వివరణ ఐన్‌స్టీన్ సమీకరణంలోని ఒక స్థిరాంకం. అది ఖాళీ చోటుకున్న లక్షణమే అయితే, దాని ఆశ్రయం అప్పటికే ద్రవ్యాల పట్టికలో ఉంది. కొత్త ద్రవ్యాన్ని కల్పించడం తార్కికుల భాషలో గౌరవదోషం, అంటే అనవసరపు కల్పనాభారం. గెలాక్సీల దూరాలు కొలిచే డెసి సర్వే 2024, 2025 ఫలితాలు కృష్ణ శక్తి కాలంతో పాటు మారుతుండొచ్చని సూచించాయి. అది రుజువైతే స్థిరాంకం పోతుంది, ఏదో ఒక క్షేత్రాన్ని ఒప్పుకోవాల్సి వస్తుంది, పదకొండో ద్రవ్యం గురించిన వాదం మొదలవుతుంది. భౌతికశాస్త్రం ఆవిష్కరణగా ఒప్పుకునే ఐదు సిగ్మాల హద్దును ఆ సూచన ఇంకా చేరలేదు. కాబట్టి ఈ వ్యాసం తీర్పు ఇది: దీపిక పెట్టిన పరీక్షలో కృష్ణ పదార్థం పదో ద్రవ్యంగా నెగ్గింది, కృష్ణ శక్తి ఇంకా నెగ్గలేదు.