నిరవద్యప్రోలు మొదలు నిడదవోలు దాక

గోదావరి దాటి కొవ్వూరు చేరిన రైలు చాగల్లు, బ్రాహ్మణగూడెములు గడచి నిడదవోలు సమీపించునప్పటికి, పొగాకునకును చెరకునకును పేరుగాంచిన మెట్టభూములు ఒకవైపునను, తణుకు మొదలు సముద్రతీరము వఱకు పరచుకొన్న వరిమాగాణి వేఱొకవైపునను ఉండును. మెట్టకును డెల్టాకును నడుమ గడప వంటిదీ సీమ. దీని చరిత్రమంతయు ఆ గడపమీదనే నడచినదని నా తలంపు.

తూర్పుచాళుక్యుల బిరుదములలో 'నిరవద్య' యనునది యొకటి; నింద లేనివాడని దాని యర్థము. ఆ బిరుదముమీద నేర్పడిన నిరవద్యపురమే నేటి నిడదవోలని చరిత్రకారులు చెప్పుదురు. పురమును పాతతెలుగున ప్రోలందురు; అది భట్టిప్రోలునందు మార్పులేక నిలిచినది, ఇచ్చట వోలుగా మెత్తబడినది. తెలుగున 'నిడుద' యనగా పొడుగైనదని యర్థమగుటచే, మూలము మఱచినవారి నాలుకపై సంస్కృతపదమునకు తెలుగుపోలిక వచ్చి చేరినదేమో. పండితులు నిడుదవోలు వేంకటరావుగారి యింటిపేరున ఆ రూపమే కనబడుచున్నది.

ఈ ఊరిని కేంద్రముగా చేసికొని చాళుక్యశాఖ యొకటి సామంతరాజ్యము నేలినది. ఆ వంశమున ఇందుశేఖరుని కుమారుడైన వీరభద్రునకు కాకతీయ గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమదేవి నిచ్చి వివాహము గావించెను. ఓరుగల్లుకు దూరమైన తీరాంధ్రమున అండ కూర్చుకొనుటకై చేసిన సంబంధమిది యని యూహింపవచ్చును. ఆ దంపతులకు పుత్రసంతానము లేకపోగా, దౌహిత్రుడైన ప్రతాపరుద్రుడు సింహాసన మెక్కెను. కావున కాకతీయుల కడపటి రాజు నెత్తుటిలో నిడదవోలు పాలు గలదు. ఈ మాట మన పిల్లలకు బడిలోనే చెప్పవలసియున్నది. ఆనాటి ప్రాభవము పోయినను, పట్టణము చెంత తిమ్మరాజుపాలెమున వెలసిన అమ్మవారిని జనులు కోట సత్తెమ్మ యనియే కొలుచుచున్నారు.

ఆర్థర్ కాటన్ 1847లో పూనుకొని 1852 నాటికి ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట పడమటికొస విజ్జేశ్వరమున నున్నది. పశ్చిమడెల్టా కాలువలకు అదియే తలమానికము. వానిలో ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా సాగి ఏలూరున కృష్ణకాలువను కలియును. లారీలు రాకమునుపు కాకినాడనుండి చెన్నపట్టణము దాక పడవలు నడచిన జలమార్గములో నిదియొక భాగము. లాకులయొద్ద నీటిమట్టము సమమగువఱకు పడవ నాపుకొని వేచియుండుట ఆనాటి ప్రయాణములో నొక విశ్రాంతి. పిదప రైలు వచ్చి, భీమవరము మీదుగా నరసాపురము పోవు శాఖ యిచ్చటనే చీలుటచే, నిడదవోలు జంక్షనైనది.

1925లో పశ్చిమగోదావరి జిల్లా యేర్పడినప్పుడు అందు చేరిన ఈ ప్రాంతము, 2022 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరము కేంద్రముగా గల తూర్పుగోదావరికి మాఱినది.

ఇక మెట్టమీది వానను మోసికొని దిగు ఎఱ్ఱకాలువ సంగతి. అది నందమూరు దగ్గర ఏలూరు కాలువను అడ్డముగా దాటి, యనమదుఱ్ఱు మురుగుకాలువగా సముద్రమువైపు పోవును. ఎగువన పెద్దవాన కురిసిన యేట కంసాలిపాలెము మొదలగు గ్రామములలో నాట్లు వేసిన పొలములు మునుగును. గోదావరి నీటిని పంచుటకు నూటడెబ్బదియేండ్ల క్రిందట చూపిన శ్రద్ధ, ఈ చిన్నయేటి వఱదను దింపుటకును చూపవలసియున్నది. నాటిన చేను కుళ్లిన రైతు రెండవమాఱు నారు పోయుటకు విత్తనములు వెదకుకొనుచున్నాడు.