ఇరుసు, కమాను: ఒక పాత సైనికశకటం చెప్పే చరిత్ర

ఇరుసు అన్న తెలుగుమాట మీద నాకు మొదటినుండీ మక్కువ. సంస్కృతంలో దీనినే అక్షమంటారు. భూగోళపాఠంలో మనం వల్లెవేసిన అక్షాంశమూ ఆ మాటనుండి వచ్చినదే. యుద్ధరంగంలో దశరథుని రథచక్రపు చీల ఊడిపోగా కైక తన వ్రేలిని అడ్డుపెట్టి రథాన్ని నిలిపిందని మన పల్లెల్లో చెప్పుకొనే కథ అందరికీ తెలిసిందే. ఆ చీలకు తెలుగులో కడచీల అని పేరు. ఒక మహాసామ్రాజ్యపు వారసత్వమంతా ఒక కడచీల మీద ఆధారపడిందని జనం ఊహించారంటే, బండిలో ఏది ముఖ్యమో వారికి బాగా తెలుసునన్నమాట. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమన్న సామెత పుట్టించినదీ ఆ జనమే.

కమాను మాట వేరు. అది పారసీకంనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. దాని అర్థం విల్లు. హైదరాబాదులోని చార్ కమాన్ తోరణాలకూ, లారీ క్రింద బిగించే ఉక్కుపట్టీల కట్టకూ దక్కనీయులు ఒకే పేరు పెట్టారు. రెండూ వంగి బరువు మోసేవే కదా! ఎద్దులబండికి కమానులు లేవు. దారిలోని ప్రతి రాయీ నేరుగా ఇరుసుకూ, ఇరుసునుండి బండివాని వెన్నెముకకూ చేరేది. మోటారుబండికి బరువూ వేగమూ పెరిగినకొద్దీ ఈ రెంటికీ నడుమ ఒక మధ్యవర్తి అవసరమయ్యాడు. ఆ మధ్యవర్తియే కమాను కట్ట.

ఈ రెండు మాటలనూ ఇక్కడ ఎత్తుకోవడానికి కారణం న్యాల్‌కల్ ప్రాంతం. జహీరాబాదుకూ బీదరుకూ నడుమనున్న ఈ నేల తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే సరిహద్దు నేల. దీనికి దక్షిణంగా షోలాపురం–హైదరాబాదు రహదారి సాగిపోతుంది. 1948 సెప్టెంబరులో భారతసైన్యపు ప్రధానదళం నడిచిన త్రోవ అదే.

ఆ నెల 13వ తేదీ వేకువన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన సైన్యం షోలాపురం వైపునుండి హైదరాబాదు సంస్థానంలో అడుగుపెట్టింది. నల్‌దుర్గం దగ్గరి వంతెనను చెక్కుచెదరకుండా స్వాధీనం చేసికొంది. ఉమర్గా, రాజేశ్వర్ దాటి, 16వ తేదీ ఉదయం లెఫ్టినెంట్ కర్నల్ రామ్‌సింగ్ దళం జహీరాబాదు దిక్కుగా కదిలింది. దారిలో పాతిన మందుపాతరలు దానిని నిలిపివేశాయి. వాటిని తొలగించి ముందుకు సాగితే, బీదరు బాట రహదారిని కలిసే కూడలిలో మాటున పొంచినవారి కాల్పులు ఎదురైనాయి. కొంత బలాన్ని అక్కడ వదలి, తక్కిన దళం ఆ రాత్రికి జహీరాబాదు దాటి 15 కిలోమీటర్ల వరకు పోయింది. మరునాటి ఉదయానికి బీదరు చేజిక్కింది. 18వ తేదీన జనరల్ ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

ఈ కథను మన పుస్తకాలు ఐదు రోజుల కథగా చెప్పి ముగిస్తాయి. టాంకుల పేర్లు చెబుతాయి, సేనానుల పేర్లు చెబుతాయి. షోలాపురంనుండి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. ఆ దూరం పొడుగునా సైనికులకు అన్నం, తుపాకులకు మందుగుండు, టాంకులకు నూనె మోసినవి లారీలు. లారీని మోసినది ఇరుసు. వాన ఇంకా వెనుదీయని భాద్రపదమాసం, రహదారి దిగితే రేగడి బురద, మధ్యమధ్య వాగుల మీద సన్నని వంతెనలు. అట్టి చోట ఒక్క లారీ ఇరుసు విరిగి అడ్డంగా నిలిచిందంటే దాని వెనుకనున్న దళమంతా నిలిచినట్లే. పాతిన మందుపాతర మీదికి మొట్టమొదట వెళ్ళేదీ ముందుచక్రమే.

ఆనాటి భారతసైన్యపు బండ్లలో ఎక్కువ భాగం రెండవ ప్రపంచయుద్ధం విడిచిపోయినవే. వాటిలో మనదేశంలో విరివిగా కనిపించినవి కెనడా దేశపు సైనికనమూనా లారీలు. ఫోర్డు, షెవర్లే సంస్థలు ఒకే నమూనాను అనుసరించి అక్కడ 4 లక్షలకు పైగా తయారుచేశాయి. మొండిముక్కు, డ్రైవరు ప్రక్కనే ఇంజను, పైనుండి విమానాలకు తళుక్కుమనకుండా ముందుకు వాల్చిన అద్దం దాని గుర్తులు. ఈ లారీలలో నాలుగు చక్రాలకూ శక్తి అందించే రకాలే ఎక్కువ.

ఎద్దులబండి ఇరుసు కదలదు, దానిమీద చక్రం తిరుగుతుంది. లారీ వెనుక ఇరుసు అలా కాదు. పైన కనిపించే గొట్టంవంటి తొడుగు కదలదు. లోపల రెండు ఉక్కుకడ్డీలు తిరుగుతూ చక్రాలను త్రిప్పుతాయి. పెద్ద బరువు బండ్లలో బరువంతా తొడుగుమీద పడుతుంది, కడ్డీకి త్రిప్పే పని ఒక్కటే. కనుక కడ్డీ విరిగినా చక్రం ఊడిపోదు. చక్రాన్ని విప్పకుండానే హబ్బు బోల్టులు తీసి, విరిగిన కడ్డీని బయటికి లాగి, కొత్తది దోపవచ్చు. అది చేతికందేలోపల ముందు ఇరుసు శక్తితో బండి ఎట్లో ఈడ్చుకొని పోగలదు. యుద్ధరంగంలో ఈ ఏర్పాటు విలువ ఎంతో ఊహించుకోవచ్చు. ఇటువంటి మరమ్మతుల కొరకే 1943లో భారతసైన్యంలో ఈ.ఎమ్.ఈ. అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. దాని కళాశాల మన సికిందరాబాదులోనే ఉన్నది.

యుద్ధం ముగిశాక మిగులు సామగ్రిని ప్రభుత్వం అమ్మివేసింది. సైనిక లారీలు పచ్చరంగు విడిచి, చెక్కబాడీ తొడుక్కొని, ధాన్యమూ కట్టెలూ రాళ్ళూ మోశాయి. కొన్ని బస్సులయ్యాయి కూడా. తరువాతి తరం బండి శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ సంస్థతో 1958లో ఒప్పందం కుదుర్చుకొని జబల్‌పూరులో తయారుచేసిన ఈ లారీ 1965, 1971 యుద్ధాలలో సైన్యానికి వెన్నెముకగా నిలిచి, 1990ల దశకం వరకు తయారైంది. ఇవి కూడా వేలంలోకి వచ్చాయి. నేడు వీటిని కొని, తొలిరూపానికి తెచ్చి నిలబెట్టాలని ముచ్చటపడేవారు ఉన్నారు. వారిలో చాలామంది రంగుతో మొదలుపెడతారు. నిజానికి పని మొదలుపెట్టవలసినది క్రిందనుండి.

ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం. ఒక్క జాకీని నమ్మరాదు. చట్రం క్రింద బలమైన దిమ్మలు నిలిపి, చక్రాలు విప్పాలి. కమాను కట్టను విడదీసే ముందు పట్టీల వరుసకు గుర్తులు పెట్టుకోవాలి. నడుమనున్న సెంటరు బోల్టు తీయగానే వంగిన పట్టీలన్నీ ఒక్క ఊపున విడిపోతాయి, కనుక వాటిని ముందే బిగింపుతో పట్టి ఉంచాలి. ఆ బోల్టు తల ఇరుసు పీఠంలోని రంధ్రంలో కూర్చొని ఇరుసును చోటు తప్పకుండా నిలుపుతుంది. అది తెగితే ఇరుసు ఒకవైపు జరిగి బండి ఓరగా నడుస్తుంది. కాబట్టి ముందు ఇరుసునుండి వెనుక ఇరుసుకు ఇరుప్రక్కలా కొలిచి చూడడం తొలి పరీక్ష.

పట్టీలను తుప్పు గీకి శుభ్రం చేసి బీటలు వెదకాలి. బీటవారిన పట్టీని వెల్డింగుతో అతికించరాదు, మార్చవలసినదే. చదునైపోయిన పట్టీకి తిరిగి వంపు తేవచ్చు. దానిని ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో చల్లార్చి, మరల మితంగా వేడిచేసి పదును కుదర్చడం కమానుపని తెలిసినవాడే చేయాలి. గ్యాసుమంటతో ఒకచోట మాత్రమే కాల్చి వంచితే అక్కడ పదును చచ్చి, మొదటి గోతిలోనే విరుగుతుంది. పట్టీల నడుమ గ్రాఫైటు గ్రీజు పూయాలి. కొసలలోని బుష్షులు, పిన్నులు అరిగితే మార్చాలి. ఒకసారి సాగిన యూ బోల్టులను తిరిగి వాడరాదు. కొత్తవి బిగించి, బరువుతో కొంతదూరం నడిపిన తరువాత మరల బిగించాలి.

ముందు ఇరుసుకు రెండు పనులు: శక్తి అందించడం, మళ్ళడం. చక్రాన్ని పైకెత్తి, పైనా క్రిందా పట్టుకొని ఊపితే వదులు తెలుస్తుంది. ఎవరినైనా బ్రేకు త్రొక్కమని మళ్ళీ ఊపాలి. వదులు మాయమైతే దోషం బేరింగులో ఉన్నట్లు, అలాగే ఉంటే కింగ్ పిన్నులో ఉన్నట్లు. మన వైద్యుల నాడీపరీక్ష వంటిదే ఇదీ.

తెలుగు పండితశిక్షణలో మాకు తాళపత్రప్రతుల పరిష్కరణను గురించి చెప్పేవారు. లేఖకుని దోషాన్ని దిద్దు, అర్థం కుదిరిన పాఠాన్ని ముట్టుకోకు, దిద్దినచోట దిద్దానని చెప్పు అన్నవి అందులోని సూత్రాలు. పాత లారీకీ ఈ సూత్రాలు వర్తిస్తాయి. కట్ట విప్పినప్పుడు కర్మాగారపు లెక్కకు మించి ఒకటి రెండు పట్టీలు కనిపించవచ్చు. సైన్యం వదిలిన తరువాత ఏ లారీ యజమానియో ఎక్కువ బరువు వేయడానికి చేర్పించినవవి. సైనికరూపం కావాలనుకొనేవారికి అవి ప్రక్షిప్తాలు. తీసివేయవచ్చు, కాని పారవేయరాదు. పల్లెకు ఆ బండి చేసిన ఊడిగానికి సాక్ష్యం ఆ పట్టీయే. తీసిన ప్రతి భాగాన్నీ, వేసిన ప్రతి భాగాన్నీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. అది లేని పునరుద్ధరణ పీఠిక లేని పరిష్కృతప్రతి వంటిది.

ఆ మాట చరిత్రరచనకూ వర్తిస్తుంది. 1948 సెప్టెంబరు కథకు మనం పైరంగు బాగా వేసుకొన్నాం. ఒకరు విమోచనమన్నారు, మరొకరు ఆక్రమణ అన్నారు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. ఆ దళం సాగిపోయిన తరువాత జరిగిన హత్యాకాండ కూడా నిజం. ప్రధాని నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం ఆ ఏటి చివర ఈ ప్రాంతాలు తిరిగి, కనీసం 27 వేలనుండి 40 వేలమంది వరకు ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. అన్నింటికన్న ఎక్కువ నష్టపోయినవిగా అది చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. ఆ నివేదిక జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. కట్టలోని ఒక పట్టీని దాచిపెట్టి బండి సరిగా ఉన్నదనడం ఎటువంటిదో, ఆ 65 ఏండ్ల మౌనం అటువంటిది.

ఆనాడు న్యాల్‌కల్ బీదరు తాలూకాలోని ఒక సర్కిలు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఈ ఊరి పేరు స్పష్టంగా ఉన్నది. తాలూకా కేంద్రం మైసూరు రాష్ట్రానికి పోగా, న్యాల్‌కల్ సర్కిలు మాత్రం విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 2014లో తెలంగాణలోను, 2016లో సంగారెడ్డి జిల్లాలోను భాగమైంది. ఊరు కదలలేదు, దాని చుట్టూ గీతలు కదిలాయి. అందువల్లనే బీదరుజిల్లా లెక్కలలో చేరిన ఈ ప్రాంతపు కష్టాన్ని మన తెలుగు చరిత్రకారులు ప్రక్కరాష్ట్రపు సంగతిగా వదిలివేసే ప్రమాదమున్నది.

ఇంతకూ నా మనవి ఒక్కటి. మీ ఊళ్ళలో చింతచెట్టు క్రిందనో, రైసుమిల్లు వెనుకనో పాత మిలిటరీ లారీ చట్రం పడి ఉండవచ్చు. తూకానికి పోకముందే దానిమీది రేకుబిళ్ళను ఫొటో తీయండి. కమాను పట్టీలు లెక్కపెట్టండి. అది ఏమేమి మోసిందో ఊరి పెద్దలను అడిగి వ్రాయండి. పట్టీలు కనిపించకపోతే కమ్మరికొలిమి దగ్గర విచారించండి. కమాను ఉక్కుకు పదును బాగా నిలుస్తుందని మన కమ్మరులు వాటితో కొడవళ్ళూ గొడ్డళ్ళూ కొడతారు. ఒకప్పుడు మందుగుండు మోసిన ఉక్కు ఈ ఏడు ఎవరి చేలో జొన్న కోస్తున్నదో కనుక్కొని చెబితే సంతోషిస్తాను.