జంగీ బండి తార్లు

రెండో ప్రపంచ జంగ్‌లో బ్రిటిష్ ఫౌజుకు బీఎస్‌ఏ కంపెనీ లక్షా ఇరవై వేలకు పైగా ఎం20 మోటార్‌సైకిళ్లు చేసిచ్చింది. 496 సీసీ, 6 వోల్టుల కరెంటు. జోరు తక్కువ, జాన్ గట్టి. 1942లో మలయా జపాన్ చేతికి పోయాక రబ్బరుకు కరువొచ్చి హ్యాండిల్ పిడులకు కాన్వాసు తొడిగారు.

తార్లకు మాత్రం రబ్బరే, పైన నూలు అల్లిక. ఇప్పుడు దుష్మన్ ఆ రబ్బరే. ఎండిపోయి, వంచితే పొడిగా రాలుతుంది. రాగి ఫ్రేముకు తగిలితే షార్టే, ఆ పైనే పెట్రోలు టాంకీ.

అయినా బండి స్టార్టవుతుంది! ధోకా అక్కడే ఉంది. లూకాస్ మ్యాగ్‌డైనోలో మాగ్నెటో తనంతట తానే నిప్పురవ్వ పుట్టిస్తుంది, బ్యాటరీతో పని లేదు. డైనమో దీపాలకు, బ్యాటరీ చార్జికి. 'ఇంజన్ నడుస్తోందిగా భాయ్' అని వైరింగ్ వదిలేస్తారు.

కొందరు షౌఖీన్లు అసలు తార్లను ముట్టుకోనివ్వరు. నాకది మొహబ్బత్‌లా కాదు, జిద్‌లా అనిపిస్తుంది. పాత జీనును పారేయొద్దు, చెక్క మీద పరిచి కొలతలు, కొసల గుర్తులు రాసుకోండి. అదే మీ నక్షా. కొత్త ప్లాస్టిక్ తారుకు నూలు అల్లిక తొడిగితే లిబాస్ పాతదే, జాన్ కొత్తది. బ్యాటరీ తారులో ఒక ఫ్యూజు పెట్టుకోండి. అది కనబడకుండా దాచొచ్చు, గునాహ్ ఏమీ లేదు.

బ్యాటరీ కలిపేముందు ఏ కొస ఎర్తో చూసుకోవాలి. తర్వాత దీపం వెయ్యండి: అమ్మీటరు ముల్లు డిశ్చార్జి వైపు ఒరుగుతుంది. ఇంజన్ రేజ్ చేస్తే చార్జి వైపు తిరగాలి. పైన విమానాలకు కనబడకుండా ముసుగేసిన ఆ దీపం అప్పుడు సన్నటి చీలికలోంచి వెలుగుతుంది.